డబ్బాలు ఓడ మారే దేశంలో వారం రోజులు

విశాఖపట్నంలో ఒక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్నాను. ఫ్రోజెన్ రొయ్యల కంటైనర్లకు (మేం డబ్బాలంటాం) కాగితాలు తయారుచెయ్యడం నా పని. షిప్పింగ్ బిల్లులు, బీఎల్ (ఓడవాళ్ళిచ్చే సరుకు రసీదు) డ్రాఫ్టులు, ఓడ ఎప్పుడు కదులుతుంది, రీఫర్‌కి, అంటే సరుకు చల్లగా ఉంచే డబ్బాకి, కరెంటు ప్లగ్గు పెట్టారా లేదా, ఇదే గొడవ రోజంతా. ఆ కాగితాల్లో ‘కొలంబో’ అని ఎన్ని వేలసార్లు టైపు చేశానో లెక్కలేదు. ఊరు మాత్రం ఎప్పుడూ చూడలేదు.

మా బావమరిదికి భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. అతను పెంచినవి ఫ్యాక్టరీకి వెళ్ళి, అక్కణ్ణుంచి నా కాగితాల మీదుగా అమెరికా పోతాయి. ట్రంప్ సుంకాల టెన్షన్‌తో ఈ వేసవంతా అతనికి నిద్ర లేదు. ‘నాలుగు రోజులు ఎక్కడికైనా పోదాం బావా’ అన్నాడు. నేను శ్రీలంక రేవులన్నాను. ‘రేవులేంటి, బీచ్‌లనరా ఎవరైనా’ అని గొణిగి, సంచి సర్దుకుని వచ్చేశాడు.

జూలై 7, 2025, సోమవారం: కొలంబో

సాయంత్రం గాల్ ఫేస్ మైదానానికి వెళ్ళాం. ఒకపక్క పెద్ద పెద్ద హోటళ్ళు, ఇంకోపక్క సముద్రం, మధ్యలో పిల్లల గాలిపటాలు. జూలైలో ఈ పడమటి తీరం ఉగ్రంగా ఉంటుంది. నైరుతి గాలికి మాట మాటకీ నోట్లో ఉప్పు తగులుతోంది.

తోపుడు బళ్ళ మీద ‘ఇస్సో వడె’ అమ్ముతున్నారు. ఇస్సో అంటే రొయ్య. పప్పు వడ మీద రొయ్యలు తలకాయలతో సహా అతికించి, కరకరలాడేలా వేయించి, పైన ఉల్లిపాయ ముక్కలు, కారం నీళ్ళు పోసి ఇస్తారు. ఒకటి 150 రూపాయలు. మన రూపాయికి వాళ్ళవి మూడున్నర వస్తున్నాయి కాబట్టి మనకు నలభై పైచిలుకు. బావమరిది వడ చేతిలోకి తీసుకుని, తినే ముందు రొయ్యను అటూ ఇటూ తిప్పి చూశాడు. కిలోకి ఎన్ని తూగుతాయన్నదే వాళ్ళ లెక్క, దాన్ని కౌంటంటారు.

“వంద కౌంటు కూడా తూగదు బావా. మావైపు దీన్ని కొనేవాడే ఉండడు.”

అంటూనే నాలుగు తిన్నాడు.

మైదానం ఉత్తరపు కొస నుంచి చూస్తే, సముద్రంలో ఇసక పోసి కట్టిన పోర్ట్ సిటీ వెనకాల నీలం, ఎరుపు క్రేన్లు వరసగా మెడలు ఎత్తుకుని నిలబడ్డాయి. నేను వెతుక్కుంటూ వచ్చింది వాటినే. వైజాగ్‌లో మా డబ్బా ఎక్కేది ఫీడర్. చిన్న ఓడ, వెయ్యి నుంచి మూడు వేల డబ్బాలు మోస్తుంది. యూరప్‌కీ తూర్పు ఆసియాకీ మధ్య తిరిగే మదర్ షిప్పుల్లో పెద్దవి 400 మీటర్ల పొడవుంటాయి, ఇరవై వేలకు పైగా డబ్బాలు ఎత్తుతాయి. వాటి దారి శ్రీలంక దక్షిణపు కొసను రాసుకుంటూ పోతుంది. మన నాలుగు వందల డబ్బాల కోసం అంత పెద్ద ఓడ బంగాళాఖాతంలోకి మళ్ళితే రోజులూ చమురూ దండగ. అందుకని మన డబ్బానే ఇక్కడికొచ్చి, యార్డులో కూర్చుని, పెద్ద ఓడ ఎక్కుతుంది. 2024లో ఈ రేవు 77 లక్షల పైచిలుకు డబ్బాలు ఎత్తి దించింది. లెక్క ఇరవై అడుగుల డబ్బాల్లో. అందులో నూటికి ఎనభై ఇలా ఓడ మారడానికి వచ్చినవే, శ్రీలంక వాళ్ళు తలుపు కూడా తియ్యనివి.

ఇదంతా బావమరిదికి చెప్పాను. “అంటే మన రాజమండ్రి బస్టాండే కదా” అన్నాడు. ఇరవై రెండేళ్ళలో ఇంత బాగా నేనెవరికీ చెప్పలేకపోయాను.

జూలై 8, మంగళవారం: కొలంబో

రేవు లోపలికి మనల్ని రానివ్వరు. పైనుంచి చూడాలంటే లోటస్ టవర్ ఎక్కాలి. విదేశీయులకు మనిషికి 20 డాలర్లు. “దాదాపు మేత బస్తా ఖరీదు. నువ్వెళ్ళు బావా, నేను టీ తాగుతా” అని కిందే ఉండిపోయాడు.

పైన రేవంతా పటంలా పరుచుకుని కనిపించింది. ముందు కళ్ళు వెళ్ళేది సముద్రంలోకి చాచిన పాత గోడ మీదికి. కొలంబోకి సహజమైన రేవు లేదు. నైరుతి గాలుల కాలంలో ఓడలు ఇక్కడ నిలవలేకపోయేవి. 1875లో వేల్స్ యువరాజు శంకుస్థాపన చేస్తే, నైరుతి గోడ పూర్తయ్యేసరికి 1885 అయింది. ఆ గోడ లేచాక, అప్పటిదాకా పెద్ద రేవుగా ఉన్న గాల్ పని అయిపోయింది. గోడ బయట అలలు విరిగి తెల్లగా లేస్తున్నాయి, లోపల నీళ్ళు కదలడం లేదు. నిన్న నోట్లో ఉప్పు పోసిన గాలి ఇదే.

దక్షిణాన కొత్త రేవు. అందులో చైనా మర్చంట్స్ అనే చైనా కంపెనీకి 85 శాతం వాటా ఉన్న టెర్మినల్ 2013లో మొదలైంది. దాని పక్కనే వెస్ట్ టెర్మినల్. అదానీకి 51 శాతం, ఇక్కడి జాన్ కీల్స్ కంపెనీకి 34, పోర్ట్స్ అథారిటీకి 15. మొన్న ఏప్రిల్‌లోనే పని మొదలుపెట్టారు. 1,400 మీటర్ల ఒడ్డు, 20 మీటర్ల లోతు. గంగవరం, కృష్ణపట్నం కూడా వాళ్ళవే కాబట్టి, పరాయి దేశంలో పక్కింటాయన కనపడ్డట్టు అనిపించింది.

పక్కన పిల్లల్ని ఆడిస్తున్న ఒకాయనతో మాట కలిసింది. ఏదో షిప్పింగ్ కంపెనీలో పనట. మాది వైజాగ్ అనగానే “ఓ, ఫీడర్!” అన్నాడు. మా ఊరి పేరు విన్నవాళ్ళు బీచ్ అంటారు, స్టీల్ ప్లాంటు అంటారు. ఫీడర్ అన్నవాణ్ణి ఇప్పుడే చూశాను. వెంటనే కేరళలోని విళింజం రేవు గురించి అడిగాడు. మే 2న మన ప్రధాని దాన్ని ప్రారంభించిన సంగతి ఇక్కడ అందరికీ తెలుసు. ‘మీ డబ్బాలు మీరే ఎత్తుకుంటే మేమేం చెయ్యాలి?’ అని నవ్వాడు గానీ, ఆ నవ్వు పైపైదే.

దిగాక పెట్టా బజారులో దారి తప్పాం. మారిటైమ్ మ్యూజియానికని బయల్దేరి, బట్టల వీధి దాటి, ఉల్లిపాయల వీధి దాటి, చివరికి రేవు గేటు ముందు లారీల మధ్య తేలాం. పోలీసాయన కోప్పడలేదు. మా ఫోన్లో పటం చూసి, తల అడ్డంగా ఊపి, తనే రెండు వీధులు వెంట నడిచి దారి చూపించాడు. మ్యూజియం చిన్నది, అరగంటలో అయిపోతుంది. దానికంటే దగ్గర్లో ఉన్న సంబోధి చైత్యం నచ్చింది. కాంక్రీటు కమానుల మీద, ఓడల్లోంచి కనపడేంత ఎత్తున కట్టిన స్తూపం.

మధ్యాహ్నం కాగితంలో చుట్టిన అన్నం పొట్లం. ఎర్రబియ్యం, చేపముక్క, కొబ్బరిపాల పప్పు, ఒక ఆకుకూర, పోల్ సంబోల్ అనే కొబ్బరి కారం. 450 రూపాయలు. కొబ్బరి కారం మన కొబ్బరి పచ్చడికి పెద్దన్న లాంటిది, మిరపకాయ దాచుకోదు.

జూలై 9, బుధవారం: గాల్

రైలు సముద్రం పక్కనే, ఒక్కోచోట అల వచ్చి పట్టాలను తాకుతుందేమో అన్నంత దగ్గరగా పోతుంది. పెరలియ దగ్గర పెట్టెలో మాటలు తగ్గాయి. 2004 డిసెంబరు 26న సునామీ రైలును లాక్కుపోయి వెయ్యిమందికి పైగా చనిపోయింది ఇక్కడే. ఎదురు సీటు పెద్దావిడ చేతులు జోడించింది.

గాల్ కోటను పోర్చుగీసు వాళ్ళు మొదలుపెడితే, 1640లో డచ్చివాళ్ళు లాక్కుని పెంచారు. ఇప్పుడు లోపలంతా కాఫీ హోటళ్ళే. కాఫీ 900 రూపాయలు చూసి బయటికొచ్చి, గోడకింద తంబిలి తాగాం. నారింజ రంగు కొబ్బరిబోండం, 200.

కోట గోడ మీద నుంచి రేవు చూస్తే ఎందుకు ఓడిపోయిందో తెలుస్తుంది. నీళ్ళలోంచి రాళ్ళు నల్లగా తలలెత్తి ఉన్నాయి. 1659లో డచ్చి ఓడ అవాండ్‌స్టర్ ఈ రేవులోనే మునిగింది. ఇప్పుడు నాలుగు షికారు పడవలు, ఒక చిన్న సరుకు ఓడ. ఇక్కడ 1911లో ఒక రాయి దొరికింది. చైనా నావికుడు జంగ్ హ వేయించినది, 1409 నాటిది, మూడు భాషల్లో. చైనా భాషలో బుద్ధుడికి, పారసీలో అల్లాకి, తమిళంలో తెన్‌వరై నాయనార్ అనే దేవుడికి కానుకలు రాసుంది. అసలు రాయి కొలంబో మ్యూజియంలో ఉంది. రేవులోకి వచ్చేముందు ఎవరెవరికి దణ్ణం పెట్టాలో అప్పటివాళ్ళకు బాగా తెలుసు. ఇప్పుడు మేం దాన్ని డాక్యుమెంటేషన్ అంటాం.

రాత్రి కొత్తు రొట్టె. పరోటా, గుడ్డు, కూరగాయలు పెనం మీద రెండు ఇనప రేకులతో టకటకా నరుకుతారు. ఆ చప్పుడు వీధి చివరిదాకా వినిపిస్తుంది. టీవీలో శ్రీలంకకు అమెరికా సుంకం 30 శాతం అని చెబుతున్నారు. హోటలాయన వంట ఆపి చూశాడు, అతని కూతురు బట్టల ఫ్యాక్టరీలో పనిచేస్తుందట. బావమరిది కుర్చీ జరుపుకుని పక్కన కూర్చున్నాడు. ఇద్దరికీ భాష రాదు. వేళ్ళ మీద శాతాలు చూపించుకుంటూ చాలాసేపు మాట్లాడుకున్నారు.

జూలై 10, గురువారం: దోంద్ర, హంబన్‌తోట

ఎసల పోయ, అంటే పౌర్ణమి సెలవు. మందు ఎక్కడా అమ్మరు, మాంసం కొట్లు మూత. బస్సులో తెల్లబట్టలేసుకుని గుడికెళ్ళేవాళ్ళు కిక్కిరిసి ఉన్నారు. ముందు సీటు ఖాళీగా కనపడితే బావమరిది ఠక్కున కూర్చున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు, బస్సంతా చూస్తోంది. కండక్టరు వచ్చి “మల్లి, మల్లి” అని మెల్లగా భుజం తట్టి, పైన రాసింది చూపించాడు. అది భిక్షువుల సీటు.

“బావా, వీడు నన్ను పువ్వంటాడేంటి?”

మల్లి అంటే సింహళంలో తమ్ముడు. నన్ను అయ్యా అన్నాడు, అంటే అన్న. నేనది మన అయ్యా అనుకుని కాసేపు గర్వపడ్డాను.

దోంద్ర దగ్గర దిగాం. నిన్న చెప్పిన రాతిమీది తెన్‌వరై ఇదే, ఇప్పుడు దేవినువర అంటారు. లైట్‌హౌస్ దేశంలో అన్నిటికంటే పొడుగు, 49 మీటర్లు. ఎక్కనివ్వలేదు. కింద కొబ్బరిచెట్ల నీడలో కూర్చుని దిగంతం కేసి చూశాం. బూడిదరంగు మరకల్లా ఓడలు, కొన్ని తూర్పుకి, కొన్ని పడమరకి. గంటలో తొమ్మిది లెక్కపెట్టాను. ఒక్కటీ ఆగలేదు. దేశం గుమ్మం ముందు నుంచి రోజంతా బళ్ళు పోతుంటే, ఒక్క బండైనా లోపలికొస్తే బాగుణ్ణని ఎవరికి అనిపించదు? హంబన్‌తోట కథ అక్కడే మొదలైంది.

హంబన్‌తోటలో ఆటో అతనికి ‘హార్బర్’ అన్నాం. తీసుకెళ్ళి చేపల పడవల దగ్గర దింపాడు. తప్పతనిది కాదు, ఊళ్ళోవాళ్ళకు హార్బరంటే అదే. వలలు బాగుచేస్తున్న ముసలాయన నవ్వి “చైనా వరాయ?” అని పడమటికి చెయ్యి చూపించాడు. వరాయ అంటే రేవు.

ఆ రేవును ఒడ్డున ఉన్న ఉప్పుకయ్యను తవ్వి కట్టారు. 2010 నవంబరులో మొదలైంది. చైనా అప్పు. అనుకున్నన్ని ఓడలు రాలేదు. 2017లో చైనా మర్చంట్స్‌కి 99 ఏళ్ళ లీజుకిచ్చారు, 112 కోట్ల డాలర్లకు. గేటు దగ్గర కాపలా అబ్బాయి ‘సారీ అంకుల్’ అని మర్యాదగా వెనక్కి పంపాడు. దూరంగా కిటికీలు లేని గోడౌనుకి ఇంజను బిగించినట్టున్న కార్ల ఓడ ఒకటి కనపడింది. ఇప్పుడిది ముఖ్యంగా కార్లు ఓడ మారే చోటు, ఓడలకు ఇంధనం పోసే చోటు. పూర్తిగా ఖాళీ అని రాసేవాళ్ళు పదేళ్ళ కిందటి సంగతి రాస్తున్నారు. ఎదురుగా ఎనిమిది లైన్ల రోడ్డేమో అనిపించే వెడల్పు, దాని మీద మాత్రం మేమూ, మూడు ఆవులూ.

ఈ ఊరు అసలు ఉప్పుకి పేరు. ఈ ఏడాది వానలకు ఉప్పు పండక, చుట్టూ సముద్రమున్న దేశం ఇండియా నుంచి ఉప్పు దిగుమతి చేసుకుంది. ఆటో అతను ఆ సంగతి చెబుతూ తనే సిగ్గుపడ్డాడు.

పోయ మూలంగా మాకు దొరికింది పెరుగు. రోడ్డు పక్కన మట్టి చట్టీల వరసలు. గేదె పెరుగు, చట్టి బోర్లించినా జారనంత గట్టిగా ఉంది. మీద జీలుగు బెల్లం పాకం పోస్తారు. చట్టి 500. బెంచీ మీద కూర్చుని ఇద్దరం మొత్తం ఖాళీ చేశాం. చట్టి కూడా మనదేనట. కడిగి, లుంగీలో చుట్టి, సంచిలో పెట్టాను.

జూలై 11, శుక్రవారం

తెల్లవారుజామున అయిదుకి బయల్దేరి, మూడు బస్సులు మారి, రాత్రికి త్రింకోమలీ. నడుములు పోయాయి. ఇంకేం రాయను.

జూలై 12, శనివారం: త్రింకోమలీ

పొద్దున్నే లోపలి రేవు ఒడ్డుకి వచ్చాం. చుట్టూ అడవి కొండలు, మధ్యలో అద్దంలాంటి నీళ్ళు. పడమట అంత గాలి వీస్తుంటే ఇక్కడ ఆకు కదలదు. “ఇది సముద్రమా, మా చెరువా?” అన్నాడు బావమరిది. ఏ గోడా కట్టక్కర్లేని రేవు. బ్రిటిష్ నౌకాదళం 1957 దాకా వదల్లేదంటే ఆశ్చర్యమేముంది. ఇప్పుడు ఇందులో కనపడేది పిండిమిల్లు, సిమెంటు ఫ్యాక్టరీ, నేవీ పడవలు. ఇంత లోతుండీ ఏం లాభం? దోంద్ర ముందు పోయే దారికి ఇది చాలా పక్కకి ఉంది. పైగా పాతికేళ్ళ యుద్ధం. మొత్తానికి కొండ తొలిచి దేవుడిచ్చిన రేవు ఖాళీగా ఉంది, రాయి రాయి పేర్చి కట్టుకున్న రేవులో ఓడలకు చోటు చాలడం లేదు.

ఇక్కడ నా పగిలిన తమిళం పనికొచ్చింది. ఆటో పెద్దాయన చైనా బే అనే చోటి దాకా తీసుకెళ్ళి, చెట్లపైన కనపడే తుప్పు పట్టిన ట్యాంకుల తలలు చూపించాడు. బ్రిటిష్ వాళ్ళు కట్టిన చమురు ట్యాంకులు, 99 మిగిలాయి. ఒక్కోదాంట్లో సుమారు 12 వేల కిలోలీటర్లు పడుతుంది. 2022 జనవరి ఒప్పందం ప్రకారం 14 ఇండియన్ ఆయిల్ వాళ్ళ లంక కంపెనీకి, 24 సిలోన్ పెట్రోలియంకి, 61 ఇద్దరికీ కలిపి. అదే ఏడాది పెట్రోలు కోసం తను మూడు రోజులు లైన్లో పడుకున్నానని పెద్దాయన అన్నాడు. ‘ఇన్ని ట్యాంకుల పక్కన’ అని రెండుసార్లు అన్నాడు.

1942 ఏప్రిల్ 9న జపాను విమానాలు ఈ ట్యాంకుల మీద దాడిచేశాయి. ఏప్రిల్ 5న కొలంబో. ఆ మధ్యలో, 6న, అదే దండయాత్రలో ఇంకో దళం వైజాగ్, కాకినాడల మీద బాంబులేసింది. మా నాయనమ్మకప్పుడు పదహారేళ్ళు, కొత్తకోడలు. బండి కట్టించుకుని చోడవరం వైపు పల్లెకు పారిపోయారట. వంటింట్లో పొయ్యి మీద పప్పు అలాగే వదిలేశామని పోయేదాకా చెప్పేది. ఆ పప్పు సంగతి పెద్దాయనకు చెప్పాను. వాళ్ళమ్మ కూడా అడవిలోకి పరిగెత్తిందట. ఏమి వదిలేసిందో ఎప్పుడూ అడగలేదన్నాడు.

కోణేశ్వరం గుడికి వెళ్ళాం. కోట లోపల జింకలు మనుషుల మధ్య తిరుగుతున్నాయి. కొండ చీలికను రావణుడి కత్తివేటు అంటారు. అక్కడ బావమరిది రొయ్యల రేటు కోసం మొక్కుకున్నాడు, రావణుడి చోటని నేను గుర్తుచేసినా ఆగలేదు. ‘శివుడిది కూడా కదా’ అన్నాడు.

జూలై 13, ఆదివారం: నెగొంబో

విమానానికి ముందు నాలుగు గంటలు. ఒడ్డున కొబ్బరిపీచు పట్టాల మీద ఎండుచేపలు మైలు పొడవున ఆరబోశారు. వాసనకు నాకు మా ఫిషింగ్ హార్బరు, బావమరిదికి ఉప్పాడ గుర్తొచ్చాయి. 2021 మేలో ఈ తీరానికి ఎదురుగానే కంటైనర్ ఓడ ఎక్స్‌ప్రెస్ పెర్ల్ అంటుకుని, జూన్‌లో మునిగింది. అందులోంచి ప్లాస్టిక్ గింజలు ఒడ్డంతా పరుచుకున్నాయి. చేపలు తిరగేస్తున్న ఒకావిడ, మేం అడిగామని ఇసక రెండు పిడికిళ్ళు తీసి వేళ్ళ సందుల్లోంచి జార్చింది. సగ్గుబియ్యంలాంటి తెల్లగింజలు మూడు మిగిలాయి. నాలుగేళ్ళయింది. ఆ నెలల్లో చేపలెవరూ కొనలేదని, నష్టపరిహారం కొంత వచ్చిందని, వచ్చింది చాలలేదని చెప్పింది. నేనిది రాస్తుండగానే, 24న, అక్కడి సుప్రీంకోర్టు ఆ ఓడవాళ్ళను వంద కోట్ల డాలర్లు కట్టమని తీర్పిచ్చింది. ఆవిడ దాకా ఎంత చేరుతుందో.

కంటైనర్ పోయిందంటే మా ఆఫీసులో ఇన్సూరెన్సు ఫైలు తెరుస్తాం. అంతవరకే మాకు పని.

ఖర్చు అడిగేవాళ్ళ కోసం: విమానం కాకుండా ఇద్దరికీ వారానికి లక్షా డెబ్బై వేలు వాళ్ళ రూపాయలు, మనవి 49 వేల లోపు. అందులో టవర్ ఒక్కటే దండగని బావమరిది వాదన.

చట్టి పగలకుండా ఇంటికి చేరింది. మా ఆవిడ సోమవారం రాత్రే పాలు తోడేసింది. పొద్దున చూస్తే పలచగా, నీళ్ళు తేలి ఉంది. “చట్టి తెచ్చారు సరే, గేదెనెవరు తెస్తారు?” అంది.